మునెమ్మ ఇంటికి సిమెంటు పూత

మే 2003, ఆదివారం. కృష్ణగిరి.

పాత ఇళ్ళు కొలిచి పటాలు గీసుకునే పని మీద పొద్దున మళ్ళీ కల్లావికి పోయినాను. మునెమ్మ వాళ్ళది నడిమధ్య ఆకాశం కనపడే తొట్టి ఇల్లు, దాని కొలతలు ఇంకా కొన్ని మిగిలుండె. వాకిట్లోనే నిలబడిపోయినాను. పాత మట్టిగోడలకంతా సిమెంటు పూసేసినారు. పూలు చెక్కిన కొయ్య కంబాలకి పచ్చ పెయింటు కొట్టినారు.

"ఇట్లాంటి ఇల్లు ఇంక యాడా లేదు, బాగా చూసుకోమని నువ్వే చెప్తివి కదప్పా," అనింది మునెమ్మ. "మామిడికాయలు అమ్మిన దుడ్డంతా దీనికే పెట్టినాము. నువ్వు వచ్చేలోపల ముగించాలని మా ఆయన పూతపని వాళ్ళ వెనకాలే తిరిగినాడు."

మట్టిగోడకి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాదు. నాలుగు వానలు పడితే గోడ లోలోపలే నాని కూలిపోతుంది. పూత గీకేద్దామంటే మట్టి కూడా దాంతోనే ఊడి వస్తుంది. ఇంక ఆ ఇంటికి చేసేదేమీ లేదు.

"ఎట్లుందప్పా?" అని ఆశగా అడిగింది.

"బాగుందమ్మా," అన్నాను. ఆమె పెట్టిన మజ్జిగ తాగి, టేపు సంచిలోనించి తీయకుండానే బస్సెక్కినాను.

వచ్చే వారం ఈ కృష్ణగిరి పక్కనే ఉండే పోచంపల్లిలో ఇంకో పాత ఇల్లు చూడాల. ఆడ ఏమని చెప్పేది? ఏమీ చెప్పకుంటే పడగొడతారు. చూసుకోమంటే ఇట్ల చూసుకుంటారు.