చేప పక్కన పడుకున్నాను బావా

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఒమాన్ సూర్‌లో నీ పడవలోనే, నీ చోటే పనిచేస్తున్నాను.

వేటకు తీసుకెళ్లడానికి మొన్న కెమెరా కొన్నాను. కొట్టతను పొడవాటి లెన్సున్నది చూపించాడు. "బకెట్లో ముంచి చూపించు భాయ్" అన్నాను. కెమెరా వెనక్కి లాక్కుని, అరచేతిలో ఇమిడే చిన్నది తీసి ముంచాడు. పనిచేసింది! బొత్తాం కూడా పెద్దదే, చేప జిగురు చేతులతోనైనా నొక్కొచ్చు. అదే తెచ్చుకున్నాను.

సెలవుకొచ్చినప్పుడల్లా నువ్వు చేతులు బారచాపి "ఇంత వంజరం!" అంటే మేమంతా నవ్వేవాళ్లం కదా. నిన్న అలాంటిదే పడింది. ఒడ్డుకొచ్చి ఫోటో పంపితే అక్క ఫోన్ చేసింది. "బుల్లి చేపని దగ్గరగా తీసినావు. మీ బావలాగే కోతలు నేర్సినావురా!"

నాకు పౌరుషం వచ్చింది. చేప పక్కనే ఇసుకలో వెల్లకిలా పడుకున్నాను. మా ఒమానీ యజమాని పగలబడి నవ్వుతూ బొత్తాం నొక్కాడు. తల పక్కన తల పెడితే, దాని తోక నా మోకాళ్లు దాటింది.

ఆ ఫోటో చూసి అక్క నవ్వలేదు.

"పాపం, మీ బావ జానెడే ఎక్కువ సెప్పీవోడురా" అంది.