రేడియేటర్ వైద్యం

మాచర్ల, జూన్ 3

కావ్య డాక్టరమ్మ గారికి, బస్టాండు వెనక లారీ మెకానిక్ నాగూర్ వలి నమస్కారాలతో రాసేది.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, షెడ్డులో ఫోన్ మాట్లాడితే పదిమంది వింటారు. కడుపు సంగతి పదిమందిలో చెప్పుకునేది కాదు. ఈ కవరు తెచ్చిన బస్సు డ్రైవర్ జమీర్ మనవాడే. జవాబు అతని చేతికే ఇవ్వండి.

ఆరు నెలలుగా రెండు ముద్దలు తింటే చాలు కడుపు ఉబ్బుతోంది, పైగా మంట. బరువు యాభై నాలుగు నుంచి నలభై ఆరుకు దిగింది. నరసరావుపేటలో మీ పోషకాహార కేంద్రం వాళ్ళు పంచిన కాగితంలో 'లీకీ గట్' అని చదివాను. పేగు గోడ కారుతుందట. ముప్పై ఏళ్ళుగా లీకులు కట్టి బతుకుతున్నవాణ్ణి, మనిషి లోపల లీకు ఉంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. దాన్ని ఎట్లా కట్టాలో రాయండి. ఆసుపత్రి మాట మాత్రం ఎత్తొద్దు.

ఇట్లు,
నాగూర్ వలి

తా.క.: విప్పకుండా అయ్యే పని చెప్పండి. ఇంజన్ విప్పి, ఒక్క బోల్టు కూడా మిగలకుండా బిగించినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

---

నరసరావుపేట, జూన్ 6

వలి గారికి, కావ్య నమస్కారం.

నేను డాక్టర్ను కాను, ఏం తినాలో చెప్పేదాన్ని. మీ ఉత్తరం చూసి ఉలిక్కిపడ్డాను. పేగు చిల్లిపడి కారదండీ. దాని గోడలో కణాల మధ్య సన్నని అతుకులు ఉంటాయి. కొందరిలో అవి వదులై, రక్తంలోకి పోకూడనివి కూడా పోతాయంటారు. 'లీకీ గట్' అనేది డాక్టర్లందరూ ఒప్పుకున్న జబ్బు పేరు కూడా కాదు. మా కాగితంలో ఆ మాట అంత పెద్ద అక్షరాల్లో వేసినందుకు సిగ్గుపడుతున్నాను.

కడుపుకు మేలు చేసేవి మీ ఇంట్లోనే ఉన్నాయి. పెరుగు, మజ్జిగ, పప్పు, కూరగాయలు తినండి. నిదానంగా నమలండి, వేళకు పడుకోండి, వేపుళ్ళు తగ్గించండి. కూరలో చిటికెడు పసుపు మంచిదే. ఒంటి నొప్పుల మాత్రలు మింగే అలవాటుంటే అవే కడుపును పాడు చేయొచ్చు. ఎనిమిది కిలోలు తగ్గారంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోవాలి. రక్తపరీక్ష కాగితం ఉంటే పంపండి.

ఉంటాను,
కావ్య

తా.క.: డాక్టర్లు కనపడ్డవాణ్ణల్లా విప్పరు. భయపడకండి.

---

మాచర్ల, జూన్ 10

డాక్టరమ్మ గారికి, నాగూర్ వలి మంచం మీద నుంచి రాసేది.

మీరు పసుపు అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సాగర్ రోడ్డులో రేడియేటర్ కారితే మేం చేసేది అదే. గుప్పెడు పసుపు నీళ్ళలో కలిపి పోస్తాం. అది కారే చోటికి పోయి గడ్డకట్టి కూర్చుంటుంది, లారీ హైదరాబాద్ దాకా పోతుంది. మీరు చిటికెడు అన్నది స్కూటర్ లెక్క అనుకున్నాను. మనిషి పేగు ఇరవై అడుగుల పైమాటే అంటగా. అందుకని పావు కిలో కలిపి తాగాను.

సాయంత్రానికి జరిగింది ఆడకూతురికి రాయలేను. పెదాలు, గడ్డం పచ్చబడ్డాయి. చూసినవాళ్ళు కామెర్లనుకుని బత్తాయిలు చేతిలో పెట్టి పోతున్నారు. మా ఆవిడ షాహిదా "ఏందయ్యా ఇది, నీకేమన్నా పిచ్చా" అని గోడకు ఆనుకుని కూలబడింది.

మిగతావి బాగానే నడుస్తున్నాయి. పెరుగు పాసైంది. పప్పు పాసైంది. సొరకాయ కూడా పాసైంది. రక్తపరీక్ష కాగితం పంపుతున్నాను. పైభాగానికి గ్రీజు అంటితే చించేశాను.

ఇట్లు,
నాగూర్ వలి

తా.క.: బత్తాయిలు కడుపుకు మంచివేనా? నలభై ఉన్నాయి.

---

నరసరావుపేట, జూన్ 13

వలి గారూ,

పావు కిలో అన్న మాట రెండుసార్లు చదివాను. ఇక పసుపు డబ్బా ముట్టుకోకండి.

మీ కాగితం చూసి ఇంకా హడలిపోయాను. రక్తం ఎనిమిదే ఉంది. అంత తక్కువుంటే మెట్లెక్కడమే కష్టం. మీరెలా ఉన్నారని జమీర్‌ని అడిగాను. "మామకేందమ్మా, పొద్దున గేర్‌బాక్సు ఒక్కడే ఎత్తాడు. తొంభై కిలోల మనిషి" అన్నాడు. నలభై ఆరు కిలోలవారు పది రోజుల్లో తొంభై ఎలా అయ్యారు? ఒళ్ళంతా నీరు చేరిందేమోనని నా భయం. గేర్‌బాక్సు ఎత్తానని ధైర్యం తెచ్చుకోకండి, ఆరిపోయే ముందు దీపం పెద్దదవుతుందంటారు. మీరు రానంటారని నాకు తెలుసు. అందుకే సోమవారం అంబులెన్స్ పంపుతున్నాను.

కంగారుతో,
కావ్య

తా.క.: బత్తాయిలు రోజుకు ఒకటి.

---

మాచర్ల, జూన్ 18

కావ్య గారికి, నాగూర్ వలి భార్య షాహిదా సలాం చెప్పి రాసేది.

మొన్న మీ అంబులెన్స్ షెడ్డు ముందు ఆగింది. నలుగురు కలిసి పట్టినా మా ఆయన్ని స్ట్రెచర్ మీదికి ఎత్తలేకపోయారు. ఆ పెనుగులాటలో ఆయన జేబులోంచి మీ ఉత్తరాలు పడ్డాయి. అక్కడే కూర్చుని అన్నీ చదివాను.

అమ్మా, ఆయన రాళ్ళు తిన్నా అరిగించుకుంటాడు. ఆరు నెలలుగా మండుతున్నది నా కడుపు. నలభై ఆరు కిలోలు నేను. ఆ రక్తం నాది. మా అక్క కడుపునొప్పని ఆసుపత్రికి పోయి మళ్ళీ ఇంటికి రాలేదు. అందుకని నా సంగతి బయట ఎవరికీ చెప్పనని నా మీద ఒట్టు వేయించుకున్నాను. ఆయన ఒట్టు తప్పలేదు. నా పేరు చెప్పకుండా తన పేరు చెప్పాడు. మీరు రాసిన ప్రతిదీ ముందు తాను తిని, మర్నాటి దాకా ఏమీ కాకపోతేనే నా కంచంలో పెట్టాడు. ఎందుకయ్యా అని అడిగితే, "కొత్త ఆయిల్ వస్తే ముందు నా బండిలో పోసి చూసుకుంటా. నువ్వు బండికన్నా తక్కువా" అన్నాడు. ఆ పసుపు కూడా నా కోసమే తాగాడు. చానా ఏడ్చాను. తర్వాత బాగా తిట్టాను.

అంత దూరం వచ్చిన బండిని ఖాళీగా పంపబుద్ధి కాక నేనే ఎక్కాను. ఆయన పక్కన కూర్చుని చెయ్యి వదల్లేదు. ఆసుపత్రిలో డాక్టరు నోట్లోంచి గొట్టం వేసి చూసి పొట్టలో పుండు ఉందన్నాడు. మోకాళ్ళ నొప్పులకని నేను రెండేళ్ళుగా మింగుతున్న మాత్రలే చేశాయట. మందులతో మానుతుందట. "ఇంకా ఆలస్యం చేసుంటే" అని ఆగాడు. మిగతాది నేను అడగలేదు.

ఇకమీదట ఉత్తరాలు నేనే రాస్తాను.

మీ చెల్లెలో అక్కో తెలియని,
షాహిదా

తా.క.: డాక్టరు రాసిచ్చిన మాత్రలు కూడా ముందు తాను వేసుకుని చూస్తానని ఒకటే పట్టు. నా మాట వినడం లేదు. మీరైనా గట్టిగా ఒక ముక్క రాయండి, నిన్నటికే రెండు పాసయ్యాయి.