శిబిరంలో తాత అడగబోయిన మాట

మహబూబాబాద్,
8 అక్టోబరు 2011

చిరంజీవి కృపాకర్‌కు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. 'క్షేమం' అని రాయబోయి ఆగాను, ఎందుకో కింద రాస్తాను. నువ్వు వేళకు తింటున్నావని, భూపాలపల్లి నీళ్లు ఇప్పటికైనా నీకు పడ్డాయని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఈ రాతలెందుకని మీ నాయిన అడిగాడు. ఫోన్లో నేను ఒక మాట అనేలోపే నువ్వు రెండంటావు, చివరికి ఎవరో ఒకరం పెట్టేస్తాం. కాగితం మీదైతే ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా చదవాల్సిందే. బస్సులు లేవు, టపా ఎప్పుడు చేరుతుందో నమ్మకం లేదు. అందుకే దీన్ని మా పేపర్ వ్యాన్ డ్రైవర్ చేతికిస్తున్నాను. వరంగల్లో మీ ఊరి పేపర్ కట్టల మీద పెట్టిస్తానన్నాడు. ఏజెంటు నీకు పొద్దున పేపరుతో పాటే ఇస్తాడు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మమ్మ కంటి ఆపరేషన్ బాగా అయింది. పట్టీ తీశారు. చూపు వచ్చాక మా ఇంటికి వచ్చి మూలమూలలా దుమ్ము చూసి, "ఇన్నేండ్లు ఇట్లనే ఉన్నదా బిడ్డా?" అని అడిగింది. మీ నాయిన సంగతి: మరిపెడలో వాళ్ల ఆఫీసు తెలంగాణ సమ్మెలో మూతపడ్డప్పటి నుంచి ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున టీవీ ముందు కూచుని రెండు వైపుల నాయకులనూ తిడతాడు, తర్వాత వంట చేస్తాడు. వంకాయ కుదిరింది. పప్పు ఇంకా కుదరలేదు.

మూడోది, "డోర్నకల్ దీక్ష శిబిరంలో అంతసేపు మాట్లాడితే నీ పేపర్లో నాలుగు లైన్లేనా?" అని అడిగావు. కొడుకు మాట్లాడిన సభ గురించి తల్లి వార్త రాయడమే సరైన పని కాదు. వేరే మనిషి లేక రాశాను. రాసేటప్పుడు చేతికి రావాల్సిన దానికంటే తక్కువే రానిచ్చాను. ఇంకో కారణం కూడా ఉంది. ఆ సాయంత్రం అక్కడ జరిగిన ముఖ్యమైన సంగతి ఆ నాలుగు లైన్లలో లేదు. అది మన ఇంటి సంగతి కాబట్టి పేపరుకు ఇవ్వలేదు, నీకు రాస్తున్నాను. నువ్వు వేదిక మీద ఉన్నావు, నేను కింద విలేకరుల వరుసలో ఉన్నాను. నీకు కనిపించని కొన్ని నాకు కనిపించాయి.

ఆ రోజు దీక్షలో కూచునే వంతు రిటైరైన రైల్వేవాళ్లది. వాళ్ల సంఘం పెంటయ్య ముందురోజు మీ తాత దగ్గరికి వచ్చి పిలిచాడు. మా బాపు మనసు నీకు తెలుసు. రాష్ట్రం విడిపోవడం ఆయనకు ఇష్టం లేదు. అది దాచలేదు కూడా. "నాకు మనసొప్పది పెంటయ్యా. గని నువ్వు ఇంటికొచ్చి పిలిచినంక రాకుంటె బాగుండది" అన్నాడట. వచ్చాడు. మెడలో దండ వేయించుకున్నాడు. పొద్దంతా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. తాను ఒప్పుకోని దానికోసం ఒక రోజు పస్తున్నాడు. ఈ ఉద్యమంలో ఎన్నో శిబిరాలు చూశాను, అట్లా కూచున్న మనిషిని ఇంకొకరిని చూడలేదు.

నువ్వు బాగా మాట్లాడావు. తల్లిగా అనడం లేదు. ఉద్యోగాల లెక్క, నీళ్ల లెక్క తడుముకోకుండా చెప్పావు. ఎవరినీ బూతు మాట అనలేదు. నా పక్కన కూచున్న వేరే పేపరాయన, "మేడం, మీవాడు కాగితం లేకుండ చెప్తుండు" అన్నాడు. అప్పుడు బాపు లేచాడు. చేయి పైకెత్తాడు, బడి పిల్లలు ఎత్తినట్టు. "బిడ్డా, ఒక మాట అడుగుత" అన్నాడు.

నువ్వు మైకులో అన్న మాట నా పుస్తకంలో ఉంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "తాతా, నువ్వు బడి మొకం చూడలే. ఇది సదువుకున్నోళ్లకే సక్కగ అర్థమైతలేదు, నీకేం అర్థమైతది? కూసో."

జనం నవ్వారు. కొందరు చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఒకడు, "కూసో పెద్దమనిషీ, మనవడే జెప్తుండుగా!" అని అరిచాడు. బాపు కూడా కొంచెం నవ్వి కూచున్నాడు. ఆ నవ్వు చూసి నువ్వు ఏం కాలేదనుకున్నావు. తర్వాత దీక్ష విరమణకు నిమ్మరసం గ్లాసులు పట్టుకుని వరుసగా ఇచ్చుకుంటూ వచ్చావు. తాతకూ ఇచ్చావు. ఆయన తీసుకున్నాడు. నువ్వు పక్కాయన దగ్గరికి జరిగాక గ్లాసును కుర్చీ కింద పెట్టాడు. తాగలేదు. దండ తీసి మడత పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి నడిచి వెళ్లాడు.

నీ ఉత్తరంలో, "నేను అబద్ధం చెప్పలేదు కదా, తాత బడికి పోలేదు" అని రాశావు. నిజమే. బడికి పోలేదు. పోనివాడే నన్ను మిషన్ బడిలో వేశాడు. రైలు పట్టాల గ్యాంగులో పనిచేసే మనిషికి ఆడపిల్ల చదువెందుకని రైల్వే కాలనీలో అడిగితే, "నా సంతకం నాకు రాదు, దానిదన్నా దానికి రానీ" అన్నాడు. నీ చదువును తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. నీ చదువంటే ఆయనకు మా అందరికంటే ఎక్కువ గర్వం. మనవడు లెక్చరరని ఆయన చెప్పని టీటీఈ డోర్నకల్లో లేడు.

బాపు మాటే సరైనదని కూడా అనను. ఆయన అనుభవం పెద్దదే గాని దానికీ హద్దుంది. ఆయన చూసింది ఒక గ్యాంగు, ఒక కాలనీ. గ్యాంగులో ఆంధ్రా మనిషి, తెలంగాణ మనిషి ఒకే గడ్డపార పట్టారు, ఒకే ఎండలో తిన్నారు. ఉద్యోగం ఒకటే ఉండి అడిగేవాళ్లు ఇద్దరున్న చోట ఆయన ఎప్పుడూ నిలబడలేదు. నువ్వు నిలబడ్డావు. గుంటూరులో బీఎడ్ చదివినప్పుడు హాస్టల్లో నువ్వు "గిట్ల" అన్న ప్రతిసారీ ఇంకోసారి అనమని అడిగి నవ్వేవాళ్లని, చివరికి అన్నం వడ్డించేవాళ్లతో కూడా సైగలతో మాట్లాడేవాడినని చదువు అయిపోయాక నాకు చెప్పావు. తాతకు ఎన్నడైనా చెప్పావా? చెప్పలేదు. ఆయనకు నువ్వు జీవోల నంబర్లు చెప్పావు. నంబర్లు చెప్తే ఆయన తల ఊపుతాడు. హాస్టల్ సంగతి చెప్తే ఏమనేవాడో నాకు తెలియదు, కాని వినేవాడు. అది నీ అనుభవం. అందులో నీకు ఏ డిగ్రీ అక్కర లేదు, ఆయనకూ అక్కర లేదు.

ఇప్పుడు, తాతకు ఇంకా కోపముందా అని అడిగావు. కోపముంటే నాకు భయముండేది కాదు. మొన్న మొదటి ఆదివారం గుడికి వెళ్లాను. అందరూ ప్రభు సంస్కారం రొట్టె తీసుకోవడానికి లేచారు, బాపు లేవలేదు. మనసులో ఒకరితో తేడా పెట్టుకుని ఆ రొట్టె ముట్టుకోవద్దని మన పెద్దల పట్టింపు. నాకు తెలివి వచ్చినప్పటి నుంచి ఆయన కూచుండిపోవడం అదే మొదలు. అమ్మమ్మ ఒక్కతే వెళ్లి మోకరించి వచ్చింది. అందరూ చూశారు.

ఇంకొకటి. తాత పక్కింటి దైవసహాయం గారు తెలుసు కదా, బాపట్ల వైపు నుంచి డ్రైవర్‌గా వచ్చి ఇక్కడే రిటైరైన ఆయన. రోజూ సాయంత్రం ఆయన తన అరుగు మీద మన పేపర్ పైకి చదవడం, బాపు వినడం, ఇద్దరూ కొట్లాడుకోవడం నా పెళ్లికి ముందు నుంచీ ఉంది. ఈ ఏడాది వాళ్ల కొట్లాట తలకిందులుగా ఉండేది. "అడుగుతున్నారు, ఇచ్చేస్తే పోద్ది కదయ్యా సారయ్యా" అని ఆయన, "నువ్వు నోర్మూయి, నీకేం తెల్వది" అని బాపు. "మీ రాష్ట్రమొస్తే నాకు వీసా ఇప్పిస్తావా?" అని ఆయనంటే, "నీకెందుకయ్యా వీసా, నువ్వు ఇంజన్ల గూసోని ఊళ్లు దిరిగినోనివి" అని బాపు. శిబిరం తర్వాత బాపు ఆ అరుగు ఎక్కలేదు. దైవసహాయం గారు పేపర్ పట్టుకుని గోడ దగ్గర నిలబడి పిలిచినా, తల నొస్తుందన్నాడట. "ఒకన్ని సదివిపెట్టుమని అడుగుడెందుకు, సదువురానోనికి పేపరెందుకు" అని అమ్మమ్మతో అన్నాడు.

గుడి నుంచి వచ్చాక నేనే అడిగాను.

"ఆ రోజు ఏం అడుగుదామని లేసినవ్ బాపు?"

"ఏం లేదు తియ్యి."

"ఏం లేకుంటె చెయ్యెందుకు లేపినవ్?"

"పేపరోళ్ల లెక్క అడగకు."

"పేపర్దాన్నే గద."

కొంచెం నవ్వాడు. తువ్వాల మడత పెట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు. "రాష్ట్రమొస్తె దైవసహాయం ఇల్లిడిసి పోవాల్నా అని అడుగుదామనుకున్న. గంతే. పోవాలె అంటె మల్ల ఆ శిబిరం దిక్కు పోకపోదును. పోవద్దు అంటె నాకేం పరేషాన్ లేదు, మీ ఇష్టమొచ్చినట్టు తెచ్చుకోండ్రి. ఏదైనా వాని నోట ఇనాలనుకున్న."

కృపా, ఈ ప్రశ్న నువ్వు ఇంతకుముందు విన్నావు. జనగామ సభ అయిన రోజు నాకు ఫోన్ చేసి సంతోషంగా చెప్పావు. అక్కడ ఒక లాయర్ లేచి, ఇక్కడ స్థిరపడ్డవాళ్ల సంగతేమిటని అడిగాడని. "మంచి ప్రశ్న సర్" అని మొదలుపెట్టి, "ఇన్నేండ్లు మనతోటి బతికినోడు మనోడే, కొట్లాట ప్రభుత్వంతోని, పక్కింటోనితోని కాదు" అని చెప్పానన్నావు. బాపు వినాలనుకున్న జవాబు అదే. జనగామలో లాయర్ అడిగితే "సర్" అన్నావు. అదే మాట తాత అడగబోతే చివరిదాకా అడగనివ్వలేదు. దీని మీద నేను వ్యాఖ్యానం రాయను. రెండు సంగతులూ పక్కపక్కన పెడుతున్నాను, నువ్వే చదువుకో.

ఇక ముందు రాయకుండా ఆపుకున్న సంగతి. నీకు చెప్పనని బాపుకు మాటిచ్చాను. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను.

వచ్చే శనివారం రైల్‌రోకోకు డోర్నకల్ వస్తానని, ఇంటికి రాకుండా నేరుగా స్టేషన్‌కే వెళ్తానని రాశావు. నీ ఉత్తరం నేను అమ్మమ్మకు చదివి వినిపిస్తుంటే బాపు లోపల నుంచి విన్నాడు. ఆ తర్వాత పెంటయ్య దగ్గరికి వెళ్లి, శనివారం పట్టాల మీద కూచునేవాళ్లలో తన పేరు కూడా చెప్పి వచ్చాడు. పెంటయ్యే భయపడి నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్లి అడిగాను, బతిమిలాడాను, గొంతు కూడా పెంచాను. రైల్వే పింఛన్ తినే మనిషి పట్టాల మీద కూచుంటే ఏమవుతుందో చెప్పాను. పోయినసారి రోకోలో ఎంతమంది మీద కేసులు పెట్టారో, లాఠీలు ఎట్లా లేచాయో నేనే రాశాను, అదే చెప్పాను. ఆయనకు బీపీ, మోకాళ్లు వంగవు, ఎవరైనా పరుగెత్తమంటే పరుగెత్తలేడు.

"నీకు రాష్ట్రమే వద్దు గద బాపు, ఎందుకు గూసుంటవ్?" అన్నాను.

"రాష్ట్రం వద్దు. వాడు గావాలె" అన్నాడు. "రైలెట్లొస్తదో వానికి తెల్వది. వాన్ని పట్టా మీద ఇడిసి నేనింట్ల కూసోలేను."

నేను ఆ రోజు ప్లాట్‌ఫాం మీద పుస్తకం, పెన్ను పట్టుకుని ఉండాలి. అది నా పని. ఇన్నేళ్లలో ఎన్నో గుంపులను చూస్తూ నిలబడి రాశాను. ఈసారి పట్టాల మీద నా తండ్రి, నా కొడుకు ఉంటారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా. పైన 'క్షేమం' రాయనిది ఇందుకే.

ఉద్యమం మానమని నేను చెప్పను. నువ్వు మానవు, మానాలని కూడా నాకు లేదు. తాతకు క్షమాపణ చెప్పమని కూడా అడగను, అట్లాంటివి ఆయనకు అలవాటు లేదు, సిగ్గుపడి లేచి వెళ్లిపోతాడు. శుక్రవారం చీకటి పడకముందే తాత ఇంటికి రా. బస్సులు లేకపోతే పేపర్ వ్యాన్లో రా, డ్రైవర్‌కు చెప్పి పెట్టాను. వచ్చి దైవసహాయం గారి అరుగు మీద కూచో. తాతను పిలువు. ఆయన చేయి ఎత్తితే, అడగనివ్వు. జనగామలో చెప్పిందే చెప్పు, కొత్తగా ఏమీ అక్కర లేదు. గుంటూరు హాస్టల్ సంగతి కూడా చెప్పు. అంతా విన్నాక కూడా ఆయన రాష్ట్రం వద్దనే అంటాడేమో. అననీ. శనివారం ఆయన ఇంట్లో ఉంటాడో, నీ పక్కన ఉంటాడో నేను చెప్పలేను. ఇద్దరూ పలకరించుకుని ఉంటే మాత్రం నేను ప్లాట్‌ఫాం మీద నిలబడగలను.

వ్యాన్ హారన్ కొడుతోంది. ఆగమని చెప్పి ఇంకొక్క మాట రాస్తున్నాను. ఇందాక బాపు ఫోన్ చేశాడు. నీకు ఉత్తరం రాస్తున్నానని ఆయనకెట్లా తెలిసిందో మరి. మాట తప్పానని తిట్టలేదు. నీ పక్కన ఏ పట్టా మీద కూచోవాలో తెలుసుకోవడానికి కాబోలు, నిన్ను ఒకటి అడగమన్నాడు. జవాబు ఏజెంటుకు చెప్పి పంపినా సరే. నువ్వు కూచునేది అప్ లైను మీదనా, డౌన్ లైను మీదనా, కొత్తగూడెం లైను మీదనా?

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అమ్మ
ఎస్తేరు