క్వయర్ గౌను, కెమెరా కేబుల్

బుధవారం

హమ్మయ్య, బొమ్మ పోలేదు! నిడదవోలు చర్చిలో కెమెరా బొమ్మను తెర మీదికి పంపే నేను చేసిన పెట్టె ఇవాళ నిలబడింది.

ఇన్నాళ్ళూ ఒకటే గొడవ. క్వయర్ లీడర్ కరుణమ్మగారు కేబుల్ ముట్టుకుంటే చాలు, చిటుక్కుమని తెర నల్లబడేది. నా వర్క్‌షాపులో ఎన్నిసార్లు ముట్టుకున్నా ఏమీ అయ్యేది కాదు. వేలి నుంచి దూకే ఆ స్టాటిక్ కరెంటు దెబ్బను పక్కకు మళ్ళించడానికి పెద్ద డయోడ్ వేస్తే, అది వేగంగా వెళ్ళే సిగ్నల్‌నే మింగేసి బొమ్మ నిండా చుక్కలు తెచ్చింది. పెద్దదైతే గట్టిదని నా పిచ్చి నమ్మకం! ఇవాళ సిగ్నల్‌ను మింగే ఆ కెపాసిటెన్స్ బాగా తక్కువున్న చిన్న డయోడ్‌ను కనెక్టర్ పక్కనే వేసి తీసుకెళ్ళాను.

కరుణమ్మగారు పాలిస్టర్ గౌను వేసుకుని, ఏసీ హాల్లో తివాచీ మీద అటూ ఇటూ నడిచి వేలు పెట్టారు. చిటుక్కుమంది. బొమ్మ కదల్లేదు.

“నాకు చురుక్కుమందండి, దానికేం కాలేదేంటండి!” అని నవ్వారు.

ఆవిడ కాళ్ళకింద తివాచీ చూశాక, నా దగ్గర ఎందుకు చిటుక్కుమనలేదో నాకు వెలిగింది. నా వర్క్‌షాపు మా ఇంటి ముందుగదే. అమ్మ గోలకు చెప్పులు గుమ్మం బయటే వదిలి, సిమెంటు నేల మీద వట్టి కాళ్ళతో పరీక్షించాను. ఒంట్లో చార్జి నిలిస్తే కదా!

రేపటి నుంచి పరీక్షలకు చెప్పులతోనే లోపలికి వెళ్ళాలి. డయోడ్ దొరికింది. ఇక అమ్మను ఒప్పించడమే...