తలుపు మీది పదిమంది దర్శకులు

కోర్టు ఎదుటి వీధిలో నలభై ఏళ్ళపాటు దస్తావేజులు టైపు చేసి, ప్రస్తుతం డెబ్భై మూడేళ్ళ వయసులో రెండో అంతస్తు వాటాలో కాపురముంటున్న నేను, ఒంట్లో ఓపికా బుర్రలో తెలివీ మిగిలి ఉండగానే, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, నా సొంత మిషను మీద నా పది వేళ్ళతో టైపు చేసుకున్న వీలునామా ఏమనగా:

నా చిత్తం స్థిరంగానే ఉంది. స్థిరంగా లేనిది గుండె. అందులో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని డాక్టరు చెప్పాడు. చెబుతూ చెబుతూ తను చిన్నప్పుడు చూసిన ఒక సినిమా గురించి మాట్లాడి, దర్శకుడి పేరు తప్పు చెప్పాడు. నేను దిద్దాను. "మీ జ్ఞాపకశక్తికి దండం పెట్టాలమ్మా" అన్నాడు. బుద్ధి స్వాధీనంలో ఉందనడానికి ఆ మాటే నా సర్టిఫికెట్. ఇంతకు ముందు నేను వీలునామా రాయలేదు. ఊరందరివీ రాసేసరికి నాది వెనకబడింది.

1. కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే నా ఏకైక కుమార్తెకు ఈ వాటానూ, ఇందులోని సామానంతటినీ (కింద మినహాయించినవి తప్ప) సర్వహక్కులతో ఇస్తున్నాను. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. సినిమా మొదలైన పది నిమిషాలకు నిద్రపోయే అలవాటు ఆమెకు పుట్టుకతో వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్క సినిమా ఆఖరు చూడలేదు. నా బలగంలో ఏ దర్శకుడి పార్టీకీ చెందని మనిషి ఆమె ఒక్కతే. న్యాయం జరుగుతుందని నమ్ముతున్నాను.

2. సామాన్ల గది తలుపు గురించి. కొత్తవాళ్ళు చదివితే నాకు మతి పోయిందనుకోగలరు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఈ ఇంట్లో ఇరవై ఏడేళ్ళు ప్రతి ఆదివారం మధ్యాహ్నం నలుగురం కూర్చునేవాళ్ళం: నేను, మా ఆయన, మా మరిది, పిల్లల వార్డులో నర్సుగా చేసిన నా స్నేహితురాలు. చూసిన సినిమాల మీద వాదించుకునేవాళ్ళం. మొదటి ఏడాదిలోనే గొంతులు బొంగురుపోవడంతో మా ఆయన సామాన్ల గది తలుపు లోపలివైపు నల్లరంగు కొట్టించాడు. దాని మీద సుద్దముక్కతో పదిమంది దర్శకులను వరసగా రాయడం, వారం వారం ఒకణ్ణి ఎక్కించడం, ఒకణ్ణి దించడం మా పని. ఆ దర్శకులకు మేమెవరమో తెలియదు. అయినా వాళ్ళ తలరాతలు మా చేతుల్లో ఉన్నాయన్నంత దర్జాగా రాసేవాళ్ళం.

నర్సు లెక్క సులువు. సినిమాలో కుక్క చచ్చిపోతే దర్శకుడు రెండు మెట్లు కిందికి. పిల్లవాడికి జబ్బు చేస్తే, మందు సీసా సరిగ్గా పట్టుకున్నారో లేదో చూసి మార్కులు. మా మరిది కట్టుడు పళ్ళు తయారు చేసే మనిషి. అతను మేం 'గొడుగాయన' అని పిలిచే దర్శకుడి భక్తుడు. ఆ మహానుభావుడి సినిమాలో వాన పడకపోతే రీలు తారుమారైందని అర్థం. నేను 'గోడాయన' పార్టీ. ఆయన సినిమాల్లో వాన పడదు. ఏమీ పడదు. గోడ ఉంటుంది.

3. బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసిన నా భర్త స్టాప్‌వాచీని నా కుమార్తెకు ఇస్తున్నాను. కాలధర్మం చెంది నాలుగేళ్ళయిన ఆ మనిషి మా నలుగురిలోనూ నిజాయితీపరుడు. గోడాయన తీసిన గొప్ప సినిమాలో ఒకే గోడను ఎంతసేపు చూపించారో ఈ వాచీతోనే కొలిచాడు: తొమ్మిది నిమిషాల పదకొండు సెకన్లు. బయటికొచ్చాక ఎలా ఉందని అడిగితే, "గోడ బాగుంది. సున్నం ఎవరు వేశారో గానీ పనిమంతుడు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వారం రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడాను.

4. ఇక్కడ ఒక ఒప్పుకోలు. చట్టరీత్యా అవసరం లేదు. అయినా టైపు చేస్తున్నాను.

తొమ్మిదేళ్ళ కిందట గోడాయన ఆఖరి సినిమా వచ్చింది. నలుగురం మ్యాట్నీకి వెళ్ళాం. విశ్రాంతికి ముందే సగం హాలు ఖాళీ. ఇంటికొచ్చి నేను గంటసేపు ఉపన్యసించాను. ఆ గోడ కాలానికి గుర్తనీ, ఆ పగులు మనిషి మనసనీ. మా మరిది టీ తాగుతూ అంతా విన్నాడు. తర్వాత మెల్లిగా, "వదినా, మీకు ఆ సినిమా నచ్చలేదు. అది అర్థమైందని చెప్పుకోవడం నచ్చింది" అన్నాడు.

నర్సు నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. అదే కొంప ముంచింది. లేచి తడిగుడ్డ తెచ్చి, రెండో స్థానంలో ఉన్న గొడుగాయన పేరు తుడిచేశాను. అంతటితో ఆగినా బాగుండేది. "పళ్ళు అచ్చు పోసుకునేవాడివి, నీకు సినిమా ఏం తెలుస్తుంది?" అన్నాను. చదువు ఆగిపోయి అతను ఆ పనిలో చేరాడనీ, ఆ మాట ఎవరన్నా అతని ముఖం ఎలా మాడిపోతుందో కూడా నాకు తెలుసు. తెలిసే అన్నాను. అతను కప్పు కింద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ ఆదివారమూ రాలేదు.

నిజం ఏమిటంటే, ఆ గోడ మీద నాకు ఏనాడూ ఏమీ కనబడలేదు. చదువుకున్నవాళ్ళందరికీ ఏదో కనబడుతోందట, నాకొక్కదానికే కనబడకపోతే ఎలా అని భయపడి కనబడిందన్నాను. ఒకసారి అన్నాక మాట తప్పడం మా వంశంలో లేదు.

5. మా ఆయన పోయినప్పుడు అంబులెన్సు దగ్గర్నుంచి ఆఖరి కాగితం దాకా అన్నీ మా మరిదే చూసుకున్నాడు. వారం రోజులు ఈ ఇంట్లోనే ఉన్నాడు. నాతో మాత్రం ఒక్క ముక్క నేరుగా మాట్లాడలేదు. నేను ఎదురుగా కూర్చునుండగానే నా కూతురితో, "మీ అమ్మను కాసిని పాలైనా తాగమను" అనేవాడు. నేనూ, "తాగుతానని మీ బాబాయికి చెప్పు" అనేదాన్ని. మధ్యలో ఆ పిల్ల ఇద్దరి ముఖాలూ చూసి, "మీకు సిగ్గు లేదా?" అంది. లేదని ఇద్దరమూ ఆ పిల్లకే చెప్పాం.

ఆ తర్వాత కొన్ని నెలలకు, నడిబజారు హాల్లో గొడుగాయన పాత సినిమా ఒకటి మళ్ళీ వేశారు. దాన్ని చీల్చి చెండాడడానికి సాక్ష్యాలు పోగు చేద్దామని కాగితం, పెన్సిలు తీసుకుని ఒక్కదాన్నే మ్యాట్నీకి వెళ్ళాను. హాల్లో పదకొండు మందిమి. మొదటి సగంలోనే రెండు పేజీల తప్పులు రాశాను. ఆఖర్లో ఒక ముసలాయన వానలో ఇంటికి నడిచి వస్తుంటాడు. భార్య పోయింది. అయినా గొడుగు సగం పక్కకే వంచి పట్టుకుని నడుస్తాడు. పక్కన ఎవరూ లేరు. అతని ఎడమ భుజం తడిసి ముద్దవుతుంటుంది. అంతే. సంగీతం లేదు, మాట లేదు.

పెన్సిలు ఎక్కడ పడిపోయిందో తెలియదు. ఇరవై ఏళ్ళ కిందట ఇదే సీనుకు పకపకా నవ్విన మనిషిని నేనే.

కళ్ళు తుడుచుకుంటుంటే గురక వినబడింది. రెండు వరసల ముందు మా మరిది. తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, ప్రాణప్రదమైన దర్శకుడి ప్రాణప్రదమైన సీనులో ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. లేపి, "చూశావా, నువ్వే గెలిచావు" అనాలనిపించింది. లేపి, "చూశావా, నీకే నిద్రొచ్చింది" అనాలని కూడా అనిపించింది. ఏది ముందు అనాలో తేలక, లైట్లు వెలగకముందే బయటికి వచ్చేశాను. నా జీవితంలో నేను చేసిన పిరికి పనుల్లో దీనికి మొదటి స్థానం.

6. కాబట్టి, తలుపు మీది జాబితాను ఈ విధంగా సవరించడమైనది. గోడాయన మొదటి స్థానం నుంచి ఏడో స్థానానికి దిగుతాడు. ఇంకా దించవచ్చు గానీ నా పరువు కొంత ఆయన దగ్గర ఉంది. ఆ మొదటి స్థానాన్ని, మేమెవరమూ ఏనాడూ తలుపెక్కించని నవ్వుల సినిమాల దర్శకుడికి ఇస్తున్నాను. నా భర్త స్టాప్‌వాచీ సీను సీనుకీ నొక్కేవాడు; అది మరిచిపోయింది ఆయన సినిమాల్లోనే. గొడుగాయనకు రెండో స్థానం పునరుద్ధరించడమైనది. సదరు తలుపును బందులతో, గొళ్ళెంతో సహా ఊడదీయించి, నా తదనంతరం నా మరిదికి అప్పగించవలసినది. తలుపు లేని గదికి నా కుమార్తె కర్టెన్ కట్టుకోగలదు.

7. కింది వాటాలో ఉండే టైలరుకు ఏమీ ఇవ్వడం లేదు. నేను హాలుకు బయల్దేరిన ప్రతిసారీ మెట్ల దగ్గర ఆపి, హంతకుడెవరో చెప్పి పంపిన మనిషి. నా రవికలు మాత్రం సరిగ్గా కుట్టాడు. అందుకని తిట్టడం కూడా లేదు.

8. నర్సుకు ఈ కాగితంలో ఏమీ రాయకపోవడానికి కారణం వేరు. వీలునామా వల్ల లాభం పొందే మనిషి దాని మీద సాక్షి సంతకం చేస్తే, ఆ మనిషికి రాసింది చెల్లదు. ఆమె నాకు సాక్షిగా కావాలి. అందుకని ఆమె కన్నేసిన నా చేతుల కుర్చీని మొన్ననే మనిషిని పెట్టి పంపించేశాను. "నువ్వు పోయాక ఇవ్వాల్సింది, ఇప్పుడు నువ్వెక్కడ కూర్చుంటావే?" అని ఫోన్లో కేకలేసింది. కుర్చీ మాత్రం తిప్పి పంపలేదు.

9. రెండో సాక్షి కోసం మా మరిదికి నేనే ఫోను చేశాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. "సంతకం కావాలి" అన్నాను. "ఎక్కడికి రావాలి?" అన్నాడు. ఈ ఇల్లు తెలియనట్టు ఎక్కడికని అడిగినందుకు కోపం వచ్చింది. మింగుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. తన చేత్తో చేసుకున్న పళ్ళు తనే పెట్టుకున్నాడు, బాగున్నాయి. సాక్షి లోపలి సంగతి చదవనక్కర్లేదని చెప్పినా వినకుండా, కిటికీ దగ్గర నిలబడి పై ఎనిమిది క్లాజులూ చదివాడు. ఐదో దాని దగ్గర తలెత్తి, "నిద్రపోలేదు, కళ్ళు మూసుకున్నాను" అన్నాడు. గురక సంగతేమిటని అడిగితే పేజీ తిప్పాడు.

ఆరోదీ ఎనిమిదోదీ మళ్ళీ చదివి, "ఇదేంటి వదినా, తలుపు నాకు రాసి, సాక్షిగా నన్నే పిలిస్తే తలుపు చెల్లదు కదా! నలభై ఏళ్ళు ఇవే టైపు చేశారు, ఆమాత్రం తెలీదా?" అన్నాడు.

తెలుసు. పిలవడానికి నాకు ఇంకో వంక దొరకలేదు.

ఆ మాట పైకి అనలేదు. అతనికి అర్థమైంది. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని, "అది సరే, రెండో స్థానం ఏమిటి? ఆ నవ్వుల దర్శకుడు గొడుగాయనకి పైనా?" అని మొదలుపెట్టాడు. సంతకానికని అప్పటికే వచ్చి కూర్చున్న నర్సు కూడా అందుకుంది. సాయంత్రందాకా తెగలేదు, సంతకాలూ జరగలేదు. వచ్చే ఆదివారం చూద్దామన్నాడు.

ఇదే నా కడపటి వీలునామా. ఇందులోని తేదీ దిద్దుబాట్లన్నీ నా చేత్తో చేసినవే, చెల్లుతాయి.

తేదీ: ~~ఫిబ్రవరి 25~~, ~~మార్చి 3~~, ~~మార్చి 10~~, మార్చి 17, 2024, ఆదివారం.

(సంతకం) వీలునామా రాసిన టైపిస్టు

సాక్షులు:
(సంతకం) పిల్లల వార్డు నర్సు, పదవీ విరమణ
(సంతకం) కింది వాటా టైలరు

పళ్ళ సెట్లు చేసే మరిది హాజరు, సంతకం చేయలేదు. తలుపు తనకు కావాలట. రెండో స్థానం మీద అతని అభ్యంతరం వచ్చే ఆదివారానికి వాయిదా.