ఓబన్న బొటనవేలు

జూన్ 3
జమ్మలమడుగు సొసైటీ ఆఫీసులో శిక్షణ మొదలు. ముసలివాళ్ల పింఛన్లు చెల్లించే కౌంటరు. “మోసం జరక్కుండా చూడడమే నీ పని” అన్నారు మేనేజరు సార్. ఇంటికి వచ్చేటప్పుడు ప్రొద్దుటూరు బస్సులో దారంతా ఆ మాటే. బాగా చేస్తే పులివెందుల బ్రాంచిలో పర్మనెంటు. సార్ సిఫారసు చేయాలి, అంతే.

జూన్ 5
ప్రతి వేలిముద్ర కింద నా సంతకం ఉండాలి. పైన అచ్చు: ‘నా సమక్షంలో వేసినది.’ సమక్షంలో... ఎంత నిటారైన మాట! కలకండలా చప్పరిస్తున్నాను.

జూన్ 9
చెల్లింపు రోజు. జీపులో ఓబన్న. పెద్దముడియం వైపు ఒక ఊరి పెద్ద. ఆ ఊరి ముసలివాళ్లు ఇక్కడికి రావాలంటే ఎదుటి పార్టీ ఊరు దాటాలి. అందుకే ముద్రలు ఊళ్లోనే వేయించి, అందరి డబ్బూ ఈయనే తీసుకుపోతాడట. ఆనవాయితీ అట.
కాగితాలు అందిస్తుంటే చూశాను — అతని బొటనవేలు కణుపు దాకా నీలం సిరా.
సార్ కూడా చూశారు. నవ్వారు. “పాపా, ఓబన్నకు కొబ్బరినూనె గుడ్డ ఇయ్యి.”
ఇచ్చాను. తీరిగ్గా తుడుచుకున్నాడు. ఆ గుడ్డను మళ్లీ ముట్టుకోలేక స్కేలుతో బయటికి తోశాను.
సంతకాలు తర్వాత చేస్తానన్నాను.

జూన్ 11
ఓబన్న ఊరి నుంచే సుంకులమ్మవ్వ. గొర్రెలు తోలుకుంటూ, ఎదుటి ఊరి పొలిమేర తప్పించుకుని, చేలకడ్డంగా నడిచి వచ్చింది.
“జీపోడు నా దుడ్లు ఇయ్యలేదప్పా.”
సార్ కాగితం చూపించారు. “నీ ఏలు ఈడ పడింది కదవ్వా.”
అవ్వ బొటనవేలు కంటి దగ్గర పెట్టుకుని చూసుకుంది. “నా ఏలు నా చేతికే ఉంది గదప్పా. యాడికీ పోలే.”
ఎవరూ నవ్వలేదు.
పోతూ పోతూ నా కౌంటరు దగ్గర ఆగింది. “పాపా, నా ఏలు నువ్వు చూసినావా?”


జూన్ 12
అసహ్యం. ఇన్నాళ్లూ ఈ మాటను బొద్దింకల మీద వృథా చేశాను.

జూన్ 13
“సంతకాలేవి?”
“నేను చూడలేదు కదా సార్...”
“చూసేదేందమ్మా? చెయ్యి. పులివెందులకు పోవాలని ఉందా, లేదా?” తర్వాత గొంతు తగ్గించి, “ఓబన్న జీపులో ఏముంటాయో నీకు తెల్దు.”
బాంబుల సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు.
ఇంట్లో అమ్మ — “గీకేయ్ మే. నీకేం పోతాది?”


జూన్ 16
చేశాను. అన్నిటి మీదా. ‘నా సమక్షంలో’ తర్వాత ‘వేసినది’ కొట్టేసి, ‘కాదు’ అని రాసి, కింద పూర్తి పేరు. గుండ్రటి అక్షరాలు, తొందర లేకుండా. సార్ చూడకుండానే బీరువాలో పెట్టేశారు. రేపు కడపకు పంపేముందు ఒకసారి తిరగేస్తారు.
బయట జీపు.
“ఏ బస్సుకు పోతాండావు పాపా?” — ఓబన్న.
“ఐదు గంటల బస్సుకు మామా.”
“దినామూ అదేనా?”
“ఊఁ.”
తల ఊపాడు. వేలు శుభ్రంగా ఉంది.
రేపు ఏ బస్సుకు...