గుండె స్కాన్ తీయించుకున్న రోజు

మంగళవారం, రాత్రి

మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందంటే, ఈరోజు పటాన్‌చెరు ఆసుపత్రిలో గుండె రక్తనాళాలకు సీటీ స్కాన్ తీశారు. భయానికి గుండె దడదడలాడుతుంటే, మాత్ర వేసి అది నెమ్మదించేదాకా కూర్చోబెట్టారు.

"పరేషాన్ గాకు అన్నా, జెర ఊపిరి బిగబట్టు, అంతే," అంది నర్సు. నరంలోకి మందు ఎక్కగానే ఒళ్లంతా వేడెక్కింది. పోతున్నాననే అనుకున్నాను.

సాయంత్రం డాక్టర్ తెర మీద చూపించాడు. ముఖ్యమైన నాళమే సగానికి పైగా పూడుకుపోయిందట. "రేపు మీ ఆవిడను తీసుకొని రండి," అన్నాడు.

పొద్దున మా యాదమ్మకు గడ్డపోతారం ఫ్యాక్టరీలో డ్యూటీకి పోతున్నానని చెప్పి వెళ్లాను. ఇంటికొచ్చి, "రేపు నాతోని పటాన్‌చెరు రా," అన్నాను.

"మెట్ల మీద నువ్వు ఆగుడు నేను సూస్తలేనా? డాక్టర్ ఏమన్నడు?" అంది.

అంతా చెప్పేశాను. చిన్నదానికే ఏడ్చే మనిషి, ఏడవలేదు. అది చూశాక నాకు ఇంకా భయమేస్తోంది.